సెప్టెంబరు ఇరవై తొమ్మిది నాటి ఆకాశం

ఓడ మీద, బెర్గెన్ రేవు
నవంబరు 20

తూరాకు,

నీ ఉత్తరం అందింది. ఫోనులో నేను ‘ఊఁ’ తప్ప ఏమీ అననని, కాగితం మీద ‘ఊఁ’ అని రాసి పంపలేను కనక ఉత్తరమే నయమని రాశావు. సరే, రాస్తున్నాను.

మీ అక్క ఇంగున్ చేసిన పని నాకిచ్చారు. మార్చి ఆఖరు వరకు. ఓడల కంపెనీ వాళ్ళే అడిగారు. శీతకాలం టికెట్లన్నీ నక్షత్రాలు చూపిస్తామని చెప్పి అమ్ముకున్నారు. చూపించే మనిషి అక్టోబరు పంతొమ్మిదిన పోయింది. నేను ముప్పై నాలుగేళ్ళు బడిలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక మూడు శీతకాలాలు ఇంగున్ వెంట ఇదే ఓడలో తిరిగాను. టెలిస్కోపు స్టాండు మోశాను, అద్దాలు తుడిచాను. కొత్తవాళ్ళను వెతకడం కన్నా నేను తేలిక.

పనేమిటని అడిగావు. ఏడో అంతస్తులో ముప్పై కుర్చీల నక్షత్రశాల ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆ గుమ్మటం లోపల ఆకాశం వేసి చూపించాలి. చీకటి పడ్డాక డెక్కు మీద దీపాలు ఆర్పించి అదే ఆకాశాన్ని బయట చూపించాలి. మబ్బు పడితే గుమ్మటంతో సరి. పదకొండు రోజుల్లో ఉత్తరాన షిర్కెనెస్ దాకా వెళ్ళి మళ్ళీ బెర్గెన్‌కు రావడం. ఇంగున్ రాసుకున్న నోటుపుస్తకం ఉంది. దాన్ని చూసి చెబుతాను.

అస్థికల పాత్ర ఓలెసున్ శ్మశానం ఆఫీసులో ఉంది. వాళ్ళొక ఫారం ఇచ్చారు. అందులో రెండే గళ్ళు: ‘సమాధి’, ‘సముద్రం’. ఏప్రిల్ పంతొమ్మిదిలోగా ఒకదాంట్లో గుర్తు పెట్టి ఇవ్వాలి. చట్టం ఆరు నెలలే ఇస్తుంది. దాటితే పేరు రాయని గడ్డిలో వాళ్ళే పూడ్చేస్తారు.

ఇంకా ఐదు నెలలుంది.

హల్వార్


బూదో
నవంబరు 26

బావా,

మొన్న ఇరవై నాలుగున మీ ఓడ మా ఊళ్ళో రెండున్నర గంటలు ఆగింది. నేను రేవులో నిలబడ్డాను. రాత్రంతా డ్యూటీ. రెండు కాన్పులు. ఒకామె కవల పిల్లల్ని కని, నన్ను బూతులు తిట్టి, తర్వాత ముద్దుపెట్టుకుంది. ఇంటికొచ్చి నిద్రపోకుండా చేప వడలు వేయించి, డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి తెచ్చాను.

నువ్వు ఏడో అంతస్తులో కటకటాల దగ్గర ఉన్నావు. అంత దూరం నుంచి గుర్తుపట్టదులే అనుకున్నావేమో. నీ నెత్తి మీద టోపీ నేను అల్లిందే.

రేవులో ఓడలకు తాడు కట్టే ఒద్వార్ ఊరుకుంటాడా!

“మీ బావ దిగడా?”

“పనుందేమో.”

“ఏం పని? మిట్టమధ్యాహ్నం చుక్కలు లెక్కపెడుతున్నాడా?”

“నీకెందుకు, నీ తాడు నువ్వు చూసుకో.”

“చూసుకుంటూనే ఉన్నా. ఆ డబ్బా ఇంకా వేడిగా ఉన్నట్టుందే, తూరమ్మా?”

వాడికే ఇచ్చాను. ఆరూ తిని, ఉప్పు తక్కువైందన్నాడు.

ఇక అసలు మాట. మా అమ్మా నాన్నా ఉన్న చర్చి తోటలో వాళ్ళ పక్కన ఒక చోటుంది. అక్కను అక్కడ ఉంచు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చే దారి అదే. పొద్దున్నే ఒక్క నిమిషం ఆగుతాను, అంతే. నేను నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగానా? నీ పెళ్ళిలో చెప్పులు దాచినప్పుడు కూడా ఊరికే ఇచ్చేశాను.

ఓడ మళ్ళీ డిసెంబరు ఐదున వస్తుంది. దిగు.

తూరా


షిర్కెనెస్
డిసెంబరు 8

తూరాకు,

ఐదున గుమ్మటంలో దీపం ఒకటి చెడిపోయింది. బాగుచేస్తూ ఉండిపోయాను. నువ్వు రేవుకు వచ్చి ఉంటే క్షమించు.

ఇక్కడ ఇప్పుడు సూర్యుడు రాడు. పగలు రెండు గంటలు నీలం రంగు వెలుగు ఉంటుంది. జనానికి అదే ఇష్టం. నిన్న ధ్రువకాంతి వచ్చింది. గదుల్లో మైకులో చెబితే పైజమాల మీదే పరిగెత్తుకొచ్చారు. ఒకాయన అంతా ఫోనులో తీసుకుంటూ నిలబడ్డాడు. “ఒక్కసారి కళ్ళతో చూడవయ్యా” అంది భార్య. “ఇంటికెళ్ళి చూస్తాలే” అన్నాడు.

ఫారం గురించి. నేను సముద్రం గడి ఆలోచిస్తున్నాను. గవర్నరు ఆఫీసుకు అర్జీ పెడితే అనుమతి ఇస్తారు. రెండేళ్ళ కిందట, బూదో దాటాక వచ్చే వెస్ట్‌ఫ్యోర్డ్ నీళ్ళ మీద వెళ్తుండగా ఇంగున్ అంది, “నన్నిక్కడ వదిలేసినా నాకేం అభ్యంతరం లేదు” అని. ఆ రోజు గాలి లేదు. ఆ మాట నాకు స్పష్టంగా గుర్తుంది.

పైగా ఓడ ప్రతి ప్రయాణంలోనూ ఆ నీళ్ళ మీదుగానే వెళ్తుంది.

హల్వార్


బూదో
జనవరి 3

బావా,

ఆ దీపం ఎన్నిసార్లు చెడిపోతుంది? ఐదున చెడింది. పదహారున చెడింది. ఇరవై ఏడున, పండగ మూడో రోజున కూడా చెడింది. నేను మూడుసార్లూ రేవులోనే ఉన్నాను. ఒద్వార్ ఇప్పుడు జోకులు వెయ్యడం మానేశాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

వెస్ట్‌ఫ్యోర్డ్ మాట నా ముందు పెట్టకు. అక్క ఓడెక్కిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తనను వదిలేయమనేది. పేకాటలో ఓడిపోయినా అదే మాట. నువ్వు దాన్ని పట్టుకుని వీలునామాలా చదువుతున్నావు.

నీకొకటి చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఇక దాచలేను.

మే నెలలో ఓడ ఇక్కడ ఆగినప్పుడు అక్క ఒక్కతే దిగింది. నువ్వు ఆ ప్రయాణంలో లేవు, ఇంట్లో ఏదో మరమ్మతు చేయిస్తున్నావు. రేవు పక్కన కాఫీ హోటల్లో కూర్చున్నాం.

“తూరా, నాకు జబ్బు. కడుపు లోపల, వెనకవైపు. శీతకాలం దాటనంటున్నాడు డాక్టరు.”

“బావకు చెప్పావా?”

“చెప్పను.”

“నీకేమైనా పిచ్చా?”

“చెప్తే ఓడ దిగమంటాడు. దిగితే మంచమెక్కమంటాడు. ఎండాకాలమంతా ఈ దేశంలో ఒక్క చుక్క కనపడదు. సెప్టెంబరు రానీ. ఒక్క నెల చీకటి చూసి అప్పుడు చెప్తాను. నువ్వు నోరు మూసుకో.”

మూసుకున్నాను. నేను మంత్రసానిని బావా, ఎన్నో ఇళ్ళ రహస్యాలు దాచాను. ఇదొక్కటే నన్ను తిన్నది.

“తర్వాత నిన్నెక్కడ ఉంచాలి?” అని కూడా అడిగాను. నాకు అడగడానికి మొహమాటం లేదు. “ఇంకో వాఫిల్ తెప్పించు, జామ్ ఎక్కువ వెయ్యమను” అంది. అంతే. సమాధి అనలేదు, సముద్రం అనలేదు. మన ఇద్దరిలో ఎవరికీ ఆవిడ మాట సాక్ష్యం లేదు.

నీకు కోపం వస్తుందని తెలుసు. కోపమైనా రానీ.

తూరా


ట్రోమ్సో
జనవరి 19

తూరాకు,

నీ ఉత్తరం అందింది.

మే నెలలో వంటింటి గచ్చు మార్పించాం. రంగు ఆమే ఎంచింది. ఇరవై ఏళ్ళు చెక్కుచెదరదని కొట్టువాడు కాగితం రాసిచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టింది.

ఇక్కడ మైనస్ పదకొండు. గాలి వాయవ్యం.

హల్వార్


ఓడ మీద, షిర్కెనెస్ నుంచి వెనక్కి
ఫిబ్రవరి 14

తూరాకు,

నాలుగు వారాలుగా రాయలేదు. రాయడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఒకటి ఉంది. ఇంకెవరో నీకు చెప్పేలోపు నేనే చెప్పడం మంచిది.

గుమ్మటంలో ఆకాశం వేసే యంత్రం ఉంది. దాన్ని తెరవగానే ఆఖరిసారి చూపించిన ఆకాశం వస్తుంది. ‘ఈ రోజు’ అనే మీట నొక్కితే ఇవాళ్టిది వస్తుంది, పాతది చెరిగిపోతుంది. నేను నవంబరులో మొదటిసారి తెరిచినప్పుడు సెప్టెంబరు ఇరవై తొమ్మిది వచ్చింది. ఇంగున్ ఆఖరి ప్రదర్శన. పున్నమి.

నేను మీట నొక్కలేదు.

చుక్కలతో ఇబ్బంది లేదు. అవి ఏటా అవే. నెలలు గడిచినకొద్దీ ఆకాశాన్ని చేత్తో కొంచెం పడమటికి తిప్పితే సరిపోతుంది. చంద్రుడు సర్దుకోడు. అతనెప్పుడూ ఆ రోజు నిండుగా ఉన్నట్టే ఉంటాడు. మూడు నెలలు మబ్బో ధ్రువకాంతో ఏదో ఒకటి నన్ను కాపాడింది.

ఈ నెల పదిన ఆకాశం తేటగా ఉంది. నాలుగింటి ప్రదర్శనలో గుమ్మటం పడమటి అంచున చంద్రుడున్నాడు. “ఎనిమిదింటికి డెక్కు మీదికి రండి, నిండు చంద్రుడు కొండల వెనక దిగుతూ కనిపిస్తాడు” అని చెప్పాను. నిండు చంద్రుడు సాయంత్రం లేస్తాడే కాని దిగడని, ఆ మాటకు అర్థం లేదని చెబుతున్నప్పుడు నాకు తట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్సు చెప్పాను.

వెస్టెరోలెన్ దీవుల నుంచి ఓగొత్ అనే పెద్దావిడ ఎక్కింది. ఎనభై ఒక్క ఏళ్ళు. భర్త, ఇద్దరు కొడుకులు చేపల పడవల మీద బతికినవాళ్ళు. ఆమె మైనస్ పధ్నాలుగులో గంటన్నర సేపు డెక్కు కటకటాల దగ్గర నిలబడింది. మిగతావాళ్ళు లోపలికి పోయినా పోలేదు. నేను వెళ్ళేసరికి చేతి తొడుగు తీసి వేళ్ళు ఊదుకుంటోంది.

“మాస్టారూ, ఆ చంద్రుడు ఎవరి చంద్రుడు?”

“క్షమించండి?”

“ఇవాళ అమావాస్య గదా.”

నేను తలెత్తి పడమటికి చూశాను.

“నాకు పొద్దున్నే తెలుసు. కానీ నిండు చంద్రుడు రాత్రి ఎనిమిదింటికి పడమట దిగుతాడన్నారు చూడండి, అలాంటిది నా జన్మలో చూడలేదు. చదువుకున్నాయన చెబుతున్నాడు, ఒక్కసారి చూసి చద్దామని నిలబడ్డా.”

రెండు వేళ్ళకు చలి కొట్టింది. ఓడ నర్సు కట్టు కట్టింది. ప్రయాణికుల వ్యవహారాలు చూసే దిద్రిక్ నన్ను పిలిపించాడు.

“ఒక్క మీట, హల్వార్. నా కూతురికి నాలుగేళ్ళు, అదీ నొక్కుతుంది.”

“తెలుసు.”

“తెలిసి మరెందుకు నొక్కలేదు?”

ఇంకొక్క ఫిర్యాదు వస్తే బెర్గెన్‌లో దింపేస్తానన్నాడు. అది న్యాయమే.

తర్వాత ఓగొత్ గదికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. “వేళ్ళదేముంది, ఇంకా ఎనిమిదున్నాయి. తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా?” అని అడిగింది. ‘తెలిసే’ అన్నాను, మీట నొక్కనిది నేనే కనక. ఆమె తనకొక కాఫీ తెచ్చిపెట్టమంది. తెచ్చాను. చక్కెర మరిచిపోయానంది. మళ్ళీ వెళ్ళి తెచ్చాను.

ఫారం నా సంచిలో ఉంది. గుర్తు పెట్టలేదు.

హల్వార్


బూదో
మార్చి 15

బావా,

నీ మీద కోపంగా ఉత్తరం రాసి చింపేశాను. ఇది రెండోది.

పదమూడున మీ ఓడ వచ్చింది. నేను రేవులో నిలబడలేదు. టికెట్టు కొనుక్కుని ఎక్కాను. స్టామ్సున్ దాకా, నాలుగు గంటల ప్రయాణం. నిన్ను పట్టుకుని నిలదీద్దామని. నాలుగింటికి నీ గుమ్మటంలో ఆఖరి వరసలో కూర్చున్నాను. నువ్వు నోటుపుస్తకం మీదికి ఎర్రలైటు వేసుకుని తల దించుకునే ఉన్నావు. నన్ను చూడలేదు.

ఆకాశం వెలిగింది. తూర్పున నిండు చంద్రుడు. నువ్వు ఈసారి తిప్పి సర్దను కూడా లేదు. అక్క ఎలా వదిలిందో అలాగే ఉంది. ఉద్యోగం పోతుందని తెలిసీ.

అది కాదు నన్ను పడగొట్టింది. కృత్తికల దగ్గరికొచ్చావు. అక్క పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివావు: “మా ఆయనకు ఇరవై ఏళ్ళుగా చూపిస్తున్నా ఆరు చుక్కలకు మించి కనపడవు. మీకెన్ని కనిపిస్తున్నాయి?”

ఎవరూ నవ్వలేదు. ఎవరూ వింతగా చూడలేదు. ముందు వరసలో ఒకామె మర్యాదగా అడిగింది, “మరి మీ ఆయన ఈసారి రాలేదా?” అని.

“రాలేదు” అన్నావు నువ్వు. పేజీ తిప్పావు.

ప్రదర్శన అయ్యాక పలకరిద్దామనే అనుకున్నాను. కానీ అందరితో పాటు బయటికి నడిచి, స్టామ్సున్‌లో దిగిపోయాను. పడమట తదియ నాటి నెలవంక ఉంది, గోరంత. నిన్న వెనక్కి వచ్చాను.

బావా, ఇక నేను వాదించను. సముద్రం కావాలంటే సముద్రమే పెట్టు. అర్జీ నువ్వు రాయలేకపోతే నేను రాస్తాను, సంతకం ఒక్కటి నువ్వు చెయ్యి. పడవలో నీతో వస్తాను, కక్కుకుంటూ అయినా వస్తాను. అమ్మ పక్క చోటు నాకుంచుకుంటాను. పొద్దున్నే ఆగడానికి నాకొక రాయి లేకపోతే ఏమవుతుంది, ఇన్నాళ్ళూ ఆగానా?

కానీ ముప్పై అయిదు రోజులే ఉంది. ఏదో ఒకటి నొక్కు. పేరు లేని గడ్డిలో మాత్రం మా అక్కను పెట్టనివ్వకు.

తూరా


ఓలెసున్
ఏప్రిల్ 6

తూరాకు,

నీ ఉత్తరం మార్చి ఇరవై ఒకటిన బెర్గెన్‌లో అందింది. అక్కడే మెట్ల మీద కూర్చుని చదివాను. ‘మా ఆయన’ అని చదివినట్టు నాకు తెలియదు. నవంబరు నుంచి అలాగే చదువుతున్నానేమో.

మర్నాడు ప్రదర్శనకు ముందు ‘ఈ రోజు’ నొక్కాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. తూర్పున చంద్రుడు పోయి ఆగ్నేయంలో వచ్చాడు, ఇంకా పూర్తిగా నిండకుండా. ఏదో జరుగుతుందనుకుని కాసేపు చీకట్లో నిలబడ్డాను. ఏమీ జరగలేదు. తలుపు తీశాను. జనం వచ్చి కూర్చున్నారు.

నోటుపుస్తకం తెరవకుండా చెప్పాను. బాగా చెప్పలేదు. మూడో వరసలో ఒకాయన గురక పెట్టాడు.

“లే, అందరూ చూస్తున్నారు” అంది భార్య.

“ఈ చీకట్లో ఎవరు చూస్తారే?” అన్నాడాయన.

అందరూ నవ్వారు. నేను వాళ్ళు ఆగేదాకా ఆగాను. కృత్తికల దగ్గర నాకు ఆరే కనిపిస్తాయని చెప్పాను. ఒక పిల్ల తొమ్మిదంది. అయి ఉండవచ్చు.

ఇరవై నాలుగున ఓడ బూదోలో ఆగింది. ఆ రోజు దిగాలనుకున్నాను. నిచ్చెన దాకా వచ్చాను. ఒద్వార్ కింద నుంచి చూశాడు. తాడు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. నేను వెనక్కి తిరిగి పైకెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం వెస్ట్‌ఫ్యోర్డ్ దాటాం. సముద్రం గడి నేనెందుకు కోరుకున్నానో అప్పుడు తెలిసింది. ఇంగున్ అన్న మాట వల్ల కాదు. సముద్రమైతే నేను ఎక్కడా దిగనక్కరలేదు. ఓడలోనే ఉండి, ప్రతిసారీ ఆ నీళ్ళ మీదుగా వెళ్ళిపోవచ్చు. ఎవరూ రేవులో నిలబడి ఉండరు.

ఫారం నిన్న ఇచ్చాను. సమాధి, బూదో, మీ అమ్మా నాన్నల పక్కన. ఏప్రిల్ పదహారు ఉదయం పదకొండింటికి సిద్ధం చేస్తామని మీ చర్చి వాళ్ళు రాశారు. నీకోసం అడిగాను. అదే వరసలో ఇంకొక చోటు ఉందట, గోడ వైపు. కొంచెం నీడగా ఉంటుందన్నారు.

మే నెల సంగతి. నాకు చెప్పనందుకు నీ మీద కోపం ఉంది. ఆమె మీద ఇంకా ఎక్కువ ఉంది. అది పోయాక రాద్దామనుకున్నాను. పోయేట్టు లేదు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ఇవాళ పాత్ర ఇంటికి తెచ్చాను. అనుకున్నంత తేలికగా లేదు. సైకిలు మీద తేవచ్చనుకుని వెళ్ళి, బస్సులో వచ్చాను. ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నతను కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు.

ఓడ పదిహేనున మధ్యాహ్నం ఒంటిగంటకు మీ ఊరు చేరుతుంది. ఉద్యోగం ముగిసింది కనక ఈసారి టికెట్టు కొనాలి. కౌంటరులో అమ్మాయి “రానూ పోనూ ఇవ్వమంటారా?” అని అడిగింది.

బూదో దాకా చాలన్నాను.

హల్వార్